విత్తనం దిగని సాళ్ళు

మా అత్త దగ్గర సలహా కావాలంటే ముందు చెనిక్కాయలు ఒలవాలి. అదేమీ ఆమె పెట్టిన నియమం కాదు, ఊళ్ళో దానంతట అది ఏర్పడిన పద్ధతి. ఎండాకాలం చివర్లో, జనమంతా మోరలెత్తి మబ్బుల కోసం చూసే రోజుల్లో, విత్తనానికని దాచిన వేరుశనగ మూటలు విప్పి ఆమె వసారాలో కుప్ప పోసేది. కర్రతో కొడితే పప్పు చిట్లుతుంది, చిట్లిన పప్పు మొలవదు. అందుకని విత్తనపు కాయలు వేళ్ళతోనే ఒలవాలి. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి కుప్ప చుట్టూ కూర్చునేవాళ్ళు. చేతులకు పని ఉండేది గానీ నోళ్ళు ఖాళీ. ఖాళీగా ఉన్న నోట్లోకి విత్తనం పోతుంది. తిన్న విత్తనం చేలో మొలవదు.

"మాట్లాడే నోరు మెయ్యదు" అనేది మా అత్త. అందుకే ఒక్కొక్కరినీ వాళ్ళ ఇంటి సంగతులు అడిగేది. "ఏమే, నీ మొగుడు ఇప్పుడెట్లుండాడు? మీయత్తకు ఇంకా నీమీద అదే అనుమానమేనా?" అని మొదలుపెడితే చాలు, ఆవిడ సాయంత్రం దాకా ఒక్క పప్పు కూడా నోట్లో వేసుకోకుండా చెప్పుకుపోయేది. విత్తనం కాపాడుకోవడానికి మొదలుపెట్టిన ఈ ఉపాయం మీద ఆమెకు పెద్ద పేరొచ్చింది. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి, అంటే అరవైల మొదట్లో, కంబదూరు పక్క నుంచీ బెళుగుప్ప పక్క నుంచీ కూడా ఆడవాళ్ళు చుట్టాలింటికి వచ్చిన సాకుతో మా వసారాకు వచ్చి, నాలుగు దోసిళ్ళ కాయలు ఒలిచి, కాపురం బాగుచేయించుకొని పోయేవాళ్ళు.

ఆమె సలహాలు కషాయం లాంటివి. ఒకావిడ మొగుడు గొర్రెలు తోలుకొని నెలల తరబడి అడవులు పట్టి పోయేవాడు. తిరిగొచ్చాక పెళ్ళాన్ని కూడా గొర్రెల్ని పిలిచినట్టే నాలుక టకటకలాడించి పిలుస్తాడట. "పలకొద్దు" అంది మా అత్త. "గొర్రె అయితే పలుకుతాది. నువ్వు గొర్రెవి కాదని ఆయప్పకు తెలియల్ల గదా." చర్చి వీధి నుంచి ఒకావిడ వచ్చేది. ఆమె మొగుడు అన్నం ముందు కూర్చొని చేసే ప్రార్థన ఎంతకీ తెగదు, ఊళ్ళో అందరి పేర్లూ చెప్పి అందరి మేలూ కోరతాడు, అంతలో కూడు చల్లారిపోతుంది, చల్లారిందని మళ్ళీ ఆమె మీదే అరుస్తాడు. "ప్రార్థన అయినంక వడ్డించు. దేవునికి ఉత్త గిన్నె సూపిస్తే తప్పేమీ లేదు, ఆయన సూడని గిన్నెలా" అంది. నిద్ర పట్టనివాళ్ళకూ, ఊరికే నిట్టూర్చేవాళ్ళకూ మందు ఒకటే: "పొద్దన్నే అంబలి తాగు, మాపటేళ ఎవురి మీదన్నా ఒకరి మీద అరువు. కడుపులో ఏమీ పెట్టుకోవద్దు."

అందరికీ చెప్పే మాట ఇంకొకటుండేది. మొగుడూ పెళ్ళాల మధ్య ఏ తగువొచ్చినా, ఎవరిది తప్పయినా, పొద్దు గుంకే లోపల మాట్లాడాలి. "మాట నిలవ పెడితే పురుగు పడతాది" అని కుప్పలోంచి ఒక పుచ్చిన కాయ ఏరి చూపించేది.

ఇంత చెప్పే మా అత్త మా మామతో మాట్లాడదు.

కాపురానికి వచ్చిన తొలి రోజు నేను మా మామకు చెవుడనుకున్నాను. అత్త వసారాలో కొయ్య కంబం వైపు తిరిగి, "సంగటి అయిండాది. కాళ్ళు కడుక్కోని రమ్మను" అంది. మూరెడు దూరంలో ఎద్దు మెడ నిమురుతున్న మామ, "వస్తాండా అని చెప్పురా" అని ఎద్దుతో అన్నాడు. కంబమూ ఏమీ అనలేదు, ఎద్దూ ఏమీ అనలేదు. మామ కాళ్ళు కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. నేను బిత్తరపోయి మా ఆయన్ని పక్కకు పిలిచి అడిగాను.

"వాళ్ళంతే" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"నాకు మీసం రాకముందు నుంచి."

"ఎందుకు?"

"ఏమో. అడిగితే ఇద్దరూ నాతో గూడ మాట్లాడరేమోనని అడగలేదు."

వాళ్ళ మధ్య పోట్లాట లేదు. మామకు జ్వరమొస్తే అత్త రాత్రంతా తడిగుడ్డ వేసేది. అత్త కాలికి ముల్లు గుచ్చుకుంటే మామ తీసేవాడు. మాట ఒక్కటే ఉండేది కాదు. ఊరికంతా ఈ సంగతి తెలుసు, ఎవరికీ వింతగా లేదు. "వైద్దుడికి జబ్బు రాకూడదా ఏంది?" అని గొర్రెలాయన పెళ్ళాం నన్నే అడిగింది. నేను వచ్చాక కంబానికీ ఎద్దుకీ సెలవు దొరికింది. ఇద్దరి మాటలూ నా మీదుగా నడిచాయి. అత్త నాతో చెప్పింది మామ వింటూనే ఉండేవాడు, అయినా నేను మళ్ళీ ఒకసారి చెప్పిందాకా కదిలేవాడు కాదు.

నవ్వొచ్చేది నాకు, మొదట్లో. పోనుపోను భయం పట్టుకుంది. వాసాలకు పట్టిన చెద ఒకదాని నుంచి ఒకదానికి పాకినట్టు, ఈ ఇంట్లో మాట ఆగిపోవడమనేది నాకూ మా ఆయనకూ అంటుకుంటుందేమోనని. ముసలితనంలో నేను కూడా ఒక కంబం ముందు నిలబడి సంగటి అయిందని చెప్పుకోవాల్సి వస్తుందేమోనని. నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి భయం ఇంకా ఎక్కువైంది.

అనుకున్నంతా అయింది. బియ్యం దగ్గర వచ్చింది తంటా.

మాది గార్లదిన్నె పక్క పల్లె. మా నాయనకు బావి కింద కాస్త మడి ఉండేది, రోజుకొక పూటన్నా వరన్నం తినేవాళ్ళం. ఇక్కడ పండక్కి తప్ప వరి మాట లేదు. పొద్దునా మాపూ సంగటే. సంగటి ముద్దను ఊరిబిండి పచ్చడిలో అద్దుకొని నమలకుండా మింగాలి. నేను నమిలేదాన్ని. నమిలితే అది నోట్లో బంకలాగా అతుక్కునేది. అందరూ తిని చేతులు కడుక్కున్నా నా ముద్ద నా ముందే ఉండేది. అటక మీద కుండలో పండక్కని దాచిన బియ్యం ఉండేవి. రోజూ ఒక పిడికెడు తీసుకొని, గొడ్ల కొట్టంలో నిలబడి పచ్చివే నమిలేదాన్ని. ఆ రుచికి మా ఇల్లు గుర్తొచ్చేది. ఈ సంగతి ఒక్క మా ఆయనకే గుట్టుగా చెప్పుకున్నాను. చెప్తూ కొంచెం ఏడ్చాను కూడా. ఆయన శ్రద్ధగా విన్నాడు, తల నిమిరాడు, తెల్లారి లేచి నేరుగా పోయి వాళ్ళమ్మకు చెప్పాడు.

నాకది తెలీదు. ఆ మధ్యాహ్నం వసారా నిండా ఆడవాళ్ళు. మా అత్త కాయ ఒలుస్తూ, "నాకు తెలిసిన పిల్ల ఒకతి ఉండాదమ్మా. పేరొద్దులే" అని మొదలుపెట్టింది. ఆమె ఎప్పుడూ పేర్లు చెప్పదు. పేరు చెప్పకుండానే ఊరందరికీ తెలిసేట్టు చెప్పడం ఆమె విద్య. "కొత్తగా కాపరానికొచ్చింది. గొడ్ల కొట్టంలో నిలబడి పచ్చి బియ్యం మేస్తాదంట."

చేతులన్నీ ఆగిపోయాయి. కళ్ళన్నీ నా వైపు తిరిగాయి. ఆ ఏడు ఊళ్ళో కొత్తగా కాపురానికి వచ్చింది నేనొక్కదాన్నే.

"బియ్యం తింటే పెండ్లిలో వానొస్తాదంటారే" అంది ఒకావిడ.

"అట్లయితే ఆ పిల్లకు ఇంకొకతూరి పెండ్లి జెయ్యండమ్మా. వానన్నా పడతాది!" అంది ఇంకొకావిడ.

అందరూ ఘొల్లున నవ్వారు. అత్త చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "జబ్బేమీ లేదు ఆ పిల్లకు. అమ్మగారింటి మీద బెంగ. మొగుడు బాగా సూసుకుంటే అదే పోతాది" అని తేల్చింది. అది నిజమే. నిజమని నాకూ తెలుసు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. వెక్కిరించినా ఊరుకునేదాన్నేమో గానీ, మరుసటి రోజు నుంచి ఒక్కొక్కావిడా వస్తూ వస్తూ కొంగులో పిడికెడు బియ్యం ముడేసుకొని వచ్చి నా చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. చర్చి వీధి ఆవిడ నా పేరు కూడా ప్రార్థనలో చేర్పించానని చెప్పింది. తనూ నాలాగే సంగటి తిని, పిల్లలకని దాచుకున్న బియ్యం లోంచి తెచ్చి ఇచ్చే మనిషిని ఏమని తిట్టను? ఆ తిట్లన్నీ మా ఆయన కోసం దాచిపెట్టాను.

దాచిపెట్టాను గానీ తిట్టలేదు. మాట మానేశాను. ఆయన మొదట "ఏమయింది?" అన్నాడు. తర్వాత "నీకు బాగుండల్లనే గదా చెప్పినా, ఇంట్లో వైద్దాన్ని పెట్టుకోని బయట మందు తెచ్చుకుంటామా?" అన్నాడు. నేను గోడకేసి చూశాను. ఆ తర్వాత ఆయనకూ పౌరుషమొచ్చి మాట మానేశాడు. ఇంట్లో నలుగురం. అత్త మామతో మాట్లాడదు, నేను మా ఆయనతో మాట్లాడను. కంబానికీ ఎద్దుకీ మళ్ళీ ఊపిరాడకుండా పని పడింది. ఆయన గొడ్డలి ఎక్కడుందని ఎద్దునడిగితే, అది విని అత్త నన్నడిగేది, నేను కంబానికి చెప్తే, అది విని మామ వెళ్ళి తెచ్చి ఇచ్చేవాడు. దొడ్డికి కంప కొట్టే పని మొదలయ్యేసరికి పొద్దెక్కిపోయేది.

అత్త నాకేమీ సలహా ఇవ్వలేదు. అడగనిదే చెప్పకూడదని ఆమె పట్టింపు. నేను అడగలేదు.

అంతలో వాన పడింది. మా వైపు వాన మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎర్రనేలలో పదును, అంటే విత్తనానికి సరిపడే తడి, రెండు పూటలకు మించి నిలవదు, ఆ లోపల విత్తనం నేలలో పడాలి. తెల్లారేసరికి ఊళ్ళో గొర్రులన్నీ చేలల్లో ఉన్నాయి. గొర్రు అంటే మూడు నాలుగు కొయ్య పళ్ళున్న సేద్యపు పనిముట్టు. ఒక్కొక్క పన్ను వెనకా ఒక వెదురు గొట్టం, గొట్టాలన్నింటి మీదా కన్నాలున్న ఒక కొయ్య గిన్నె. మొగవాడు ముందు ఎద్దుల్ని తోలుతుంటే ఆడది వెనక నడుస్తూ ఆ కన్నాల్లోకి సమంగా పప్పు జారవిడవాలి. మా పుట్టింట్లో వరినాట్లే గానీ ఇది లేదు. వానకు ముందే అత్త వాకిట్లో ఉత్త గొర్రు పెట్టి నాకు చెయ్యి తిప్పడం నేర్పింది.

మాకు రెండు జతల ఎద్దులు. ఎగువ చేలో మామ తోలితే అత్త విత్తింది. దిగువ చేలో మా ఆయన, నేను. గట్టు మీద నుంచి కాసేపు వాళ్ళిద్దర్నీ చూశాను. ఒక్క మాట లేదు. ఎద్దులు మళ్ళే చోట ఆమె చెయ్యి దానంతట అదే ఆగేది, సాలు పట్టగానే మళ్ళీ కదిలేది. మాటల్లేకుండా వాళ్ళు విత్తగలిగితే మేమెందుకు విత్తలేం అనుకున్నాను. అదీ నా తెలివి. వాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకొని ఆ తర్వాత మానేసినవాళ్ళు. మేం ఇంకా మొదలే పెట్టలేదు.

కొన్ని సాళ్ళు బాగానే పోయాయి. ఒక చోట మళ్ళించేటప్పుడు తడిమట్టి ఒక గొట్టం కింద కరుచుకుంది. ఆ కన్నంలో వేసిన పప్పు దిగలేదు, నిలబడిపోయింది. "నిలుపు" అనాలి నేను. ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. ముందు ఆయనే మాట్లాడనీ అనుకొని దగ్గాను. గాజులు గొర్రుకు తగిలేట్టు గలగలమనిపించాను. ఆయన వెనక్కి తిరిగాడు. గిన్నెలోకి చూశాడు. చూశాడని నేను చూశాను. ఏమైందని అడుగుతాడనుకున్నాను. ఆయన మబ్బుల్లోకి చూసి, ఎద్దుల్ని అదిలించి ముందుకు పోయాడు. చెప్తే ఆపుదామని ఆయన, అడిగితే చెప్దామని నేను. ఆ గట్టు నుంచి ఈ గట్టుకూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకూ అట్లాగే నడిచాం. చివరికి ఒక రాయికి పన్ను తగిలి మట్టి దానంతట అదే ఊడింది. ఆ రాయికున్న బుద్ధి మా ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది.

నేల దాచిపెట్టదు. వారం దాటి మొలకలు పైకి వచ్చాయి. మా చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చగా ఉంది, నడుమ కొన్ని సాళ్ళు మాత్రం ఎర్రగా బోసిగా ఉన్నాయి. అది కూడా కంబదూరు బండ్ల బాట పక్కన. మా వైపు చేను చూసి కాపురం చెప్తారు. సాలు వంకర పోతే మొగుడి మనసు ఎక్కడో ఉందంటారు, ఒక చోట మొలకలు కుప్పగా వస్తే ఆడది పుట్టిల్లు తలుచుకుందంటారు. బోసి సాలుకు మా అత్తే ఎప్పుడో తీర్పు చెప్పి ఉంది: "వంకర సాలు మొగునిది, ఉత్త సాలు ఇద్దురిది." ఇంకేం కావాలి జనానికి? బండ్లు ఆపి మరీ చూశారు.

"ఏమప్పా, చేని నడిమిట్ల దావ ఇడిసినావే, బస్సేమన్నా వస్తాందా?" అని ఒకడు మా ఆయన్ని అడిగాడు.

"పాపట దీసినాడప్పా చేనికి. పూలు గూడ పెడతాడులే" అన్నాడు ఇంకొకడు.

అత్త వచ్చి గట్టు మీద చాలాసేపు నిలబడింది. మామ అవతలి గట్టు మీద నిలబడ్డాడు. ఇద్దరూ ఆ బోసి సాళ్ళ వైపే చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏదవుతానని భయపడ్డానో దాని వైపు సగం దూరం నడిచి వచ్చేశానని ఆ గట్టు మీదే నాకు అర్థమైంది.

బోసిపోయిన చోట మళ్ళీ విత్తనం పెట్టాలంటే మిగిలిన కాయలు ఒలవాలి. ఆడవాళ్ళంతా మళ్ళీ వసారాకు వచ్చారు. ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు. అత్త కూడా ఎవరినీ ఏమీ అడగలేదు, పొట్టు చప్పుడొక్కటే. ఇట్లాగే ఉంటే విత్తనమంతా తినేస్తారనిపించింది నాకు. అందుకని నేనే మొదలుపెట్టాను.

"అత్తా, నాకు తెలిసిన పిల్ల ఒకతి ఉండాది. పేరొద్దులే."

అందరూ తలెత్తారు. అత్త ఎత్తలేదు.

"మొగునితో మాట ఇడిసింది. ఎట్ల మొదలుపెట్టల్లో తెలీక సస్తాంది. ఏం జెయ్యల్ల ఆ పిల్ల?"

"పొద్దు గుంకే లోపల మాట్లాడమను" అంది, కాయ మీద నుంచి చూపు తీయకుండా.

"ఆ పిల్లకు ఒక అత్త ఉండాది. ఆయమ్మ ఊరందురికీ ఇదే చెప్తాది. మరి ఆయమ్మ మాట్లాడిందా?"

గొర్రెలాయన పెళ్ళాం చేతిలోని చేట జారి కింద పడింది. ఇప్పుడు నన్ను పుట్టింటికి పంపిస్తారు, ఇక రోజూ వరన్నమే అనుకున్నాను. ఆ ఆలోచన ఏమాత్రం సంతోషంగా అనిపించలేదు.

అత్త ఒళ్ళో పొట్టు దులుపుకుంది. "మాట్లాడలేదు" అంది. "మాట్లాడలేదు గనకనే చెప్తాండా. గుంతలో పడినోళ్ళకే గదా గుంత యాడుండాదో తెలిసేది."

ఆ తర్వాత, ఎప్పుడూ ఎవరికీ చెప్పని తన కథ తనే చెప్పింది. జాతరకు పోయి ఇద్దరూ బండిలో తిరిగి వస్తున్నారు. వంక దగ్గర బండి నెమ్మదిస్తే, నీళ్ళు తాగుదామని ఆమె వెనక నుంచి దిగింది.

"దిగి దోసిలి పట్టినానో లేదో, ఆయప్ప ఎద్దుల్ని అదిలించుకోని పోయినాడు. పిలిస్తిని. గాలికి ఇనపళ్ళేదు. మాట్లాడుకుంటా పోతాండాడు, చెయ్యి తిప్పుకుంటా, ఎనక్కి తిరక్కుండా. నేను వస్తి నడుసుకుంటా. ఎదురొచ్చినోళ్ళందురూ చెప్పిరి, మీ ఆయప్ప దావంతా మాట్లాడుకుంటానే పోయినాడని. ఇల్లు చేరేదాకా నేను లేనని తెలీనే లేదు ఆయప్పకు. నేనుండినా లేకున్నా ఒకటే అయినప్పుడు ఇంక నేను మాట్లాడేదెందుకు?"

ఎవరో కిసుక్కుమని నవ్వబోయి మింగేశారు.

"ఆ పొద్దే అడిగుంటే అయిపోయేది. రేపు అడుగుదామనుకొంటి. రేపు పోయి ఎల్లుండాయ. పోనుపోను నోరు తెరిసేకి సిగ్గాయ" అంది. మళ్ళీ కాయలు దగ్గరికి లాక్కుంది. "చెప్పినా గదమ్మా ఆ పిల్లకు. ఇంటే ఇంటాది."

నాకు ఆమె మీదున్న కోపమంతా ఆ వసారాలోనే రాలిపోయింది. ఆమె పక్కకు జరిగి కూర్చున్నాను, ఆమె చేతిలో కాయలు నేను తీసుకొని ఒలిచాను.

అదృష్టం కొద్దీ మరునాడు తెల్లవారుజామున ఒక జల్లు పడింది. పెద్దదేం కాదు, పై మట్టి తడిసేంత. నలుగురం విత్తనం గంపలు పట్టుకొని దిగువ చేనుకు పోయాం. బోసి సాళ్ళ వెంట గునపంతో చిన్న చిన్న గుంతలు తీసి, ఒక్కొక్క పప్పు పెట్టి, కాలితో మట్టి తొయ్యాలి. ఒక సాలు మేమిద్దరం పట్టాం, పక్క సాలు వాళ్ళిద్దరు. మా ఆయన గుంత తీస్తున్నాడు. నేను ఆయన మాట కోసం చూడలేదు.

"నేను గుట్టుగా చెప్పుకుంటే మీ యమ్మకు చెప్తావా నువ్వు?" అని అరిచాను.

గునపం ఆగిపోయింది. ఆయన మొహం వానొచ్చినంతగా విచ్చుకుంది. వెంటనే సర్దుకొని తనూ అరిచాడు. దాచిపెట్టిన తిట్లన్నీ వరసగా తీశాను. ఒక్కొక్క గుంతకూ ఒక్కొక్క మాట. బియ్యం, కొట్టం, వసారా, నా పరువు, చర్చి వీధి ప్రార్థన, గొట్టంలో మట్టి. "సూసి గూడ అడగలేదే నువ్వు?" అంటే, "తెలిసి గూడ చెప్పలేదే నువ్వు?" అన్నాడు. బాట మీద పోతున్న బండి ఒకటి ఆగి, విని, సంతోషంగా సాగిపోయింది. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

సాలు సగానికి వచ్చాక ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు ఏడిస్తివే, నాకేం జెయ్యల్లో తెలీలేదు. మా యమ్మకు తెలుస్తాదనుకొంటి" అన్నాడు. నేను వేరే సంగతి ఎత్తుకొని తిట్టాను, కాకపోతే కాస్త మెల్లగా.

మా గొంతులు తగ్గాయి. పక్క సాల్లో మామ గుంత తీస్తున్నాడు, అత్త పప్పు పెడుతోంది. అప్పుడు వినిపించింది అత్త గొంతు. అక్కడ కంబం లేదు. ఎద్దులు ఇంటి దగ్గరున్నాయి. ఆమె నా వైపు కూడా చూడటం లేదు.

"ఆ పొద్దు బండ్లో, దావంతా ఏం మాట్లాడితివి?"

మామ నడుము ఎత్తి నిలబడ్డాడు. ఏ పొద్దు అని అడగలేదు. గునపం నేలకు గుచ్చి, దాని మీద రెండు చేతులూ ఆనించాడు.

"బతిమాల్తా ఉంటి" అన్నాడు.

"ఎవుర్ని?"

"నిన్నే. జాతర్లో గాజులేయించుకుంటానంటివి. పొద్దు పోతాందని నేను ఇనకుండా బండి కట్టిస్తి. వంక దాటినంక నువ్వు పలకలేదు. కోపమొచ్చింది అనుకొంటి. అందుకే బతిమాల్తా వచ్చినా. ఎంత బతిమాలినా పలకవైతివి. ఇంటికాడ దిగి సూస్తే మూటలుండాయి, నువ్వు లేవు."

అత్త చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది.

"మరి చెప్పలేదే నాకు?"

"ఉత్త బండిని దావంతా బతిమాల్తినని యా నోటితో చెప్పేది? నువ్వు అడుగుతావేమో, అప్పుడు చెప్దామనుకొంటి. నువ్వు అడగలేదు."

మా ఆయన నోరు తెరుచుకొని నిలబడ్డాడు. కొంగు లాగినట్టు ఆయన చొక్కా పట్టుకొని లాగాను.

అత్త సాల్లోనే కూలబడింది. తడి మట్టిలో, చీర సంగతి కూడా చూసుకోకుండా. "ఏమని బతిమాల్తివి?" అంది.

"ఈడనా? పిల్లోళ్ళుండారు."

"వాళ్ళ పని వాళ్ళకుండాది. చెప్పు."

మామ మా వైపు చూశాడు. నేను విత్తనం గంప చంకనెత్తుకొని, మా ఆయన్ని చెయ్యి పట్టుకొని చేని అవతలి కొసకు నడిపించాను. అక్కడి నుంచి మాట వినిపించదు. చూస్తే మామ కూడా గునపం వదిలేసి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చేతులు తిప్పుతూ చెప్తున్నాడు. అత్త తల వంచుకొని వింటోంది, నడుమ నడుమ ఏదో అడుగుతోంది, ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్తున్నట్టుంది. ఎండ పైకొచ్చింది. వాళ్ళ సాలు సగం కూడా కాలేదు. విత్తనం గంప వాళ్ళ పక్కన తెరిచే ఉంది.

"పదును ఆరిపోతాండాదే" అన్నాడు మా ఆయన, నేల వైపు చూస్తూ.

"ఆరనీ" అన్నాను.